ఆండాలు పెట్టించిన సంతకాలు

గౌలిపుర గల్లీలో ఆండాలును అందరూ పంతులమ్మ అనేవారు గానీ, అప్పటికి ఆమె చదువు ఏడో తరగతి పరీక్ష దాకా కూడా రాలేదు. పొద్దంతా ఆసుపత్రి వార్డులు ఊడ్చేది. సాయంత్రం బడి వరండాలో, అచ్చాఫీసులో పనిచేసే అబ్దుల్ వాహెద్ చెప్పే పాఠాలకు వెళ్లేది. నేర్చుకున్నది కడుపులో దాచుకునే రకం కాదు. తనతో ఊడ్చే తొమ్మిది మంది ఆడవాళ్లనూ వెంటబెట్టుకొచ్చి చేతికి బలపాలిచ్చింది. అందరిలో పెద్దది బుచ్చమ్మ. ఆమెకు తన పేరు రాయడం రావడానికే ఆర్నెల్లు పట్టింది.

1976లో పదిమందీ కలిసి తమను పర్మనెంటు చేయమని దరఖాస్తు పెట్టారు. రాసింది ఆండాలే. ఆ ఏడు జాబితాకెక్కకపోతే బుచ్చమ్మకు వయసు దాటిపోతుందని అందరికీ తెలుసు.

సంతకాల రోజు బుచ్చమ్మ వేలిముద్ర కోసం ఇంకు ప్యాడు తెచ్చింది.

"హాజరు పట్టీల నాది అంగూఠానే ఉన్నది గద బిడ్డా. ఈడ గూడ గదే ఏస్త."

"ఇంకెన్నొద్దులు ఏస్తవ్ పెద్దమ్మా? పేరు రాస్తెనే మనమేందో వాళ్లకు ఎరుకైతది."

వాహెద్ నెమ్మదిగా కల్పించుకున్నాడు. "రెండూ పెట్టించు బేటీ, నుక్సాన్ ఏం లేదు."

ఆండాలుకు కోపం ముక్కు మీదే ఉండేది. "నేర్పినోళ్లు మీరే గిట్లంటరేంది భాయ్?" అని ఆ ప్యాడు మూత పెట్టేసింది. బుచ్చమ్మ ఇద్దరికి సరిపడా జాగాలో వంకరటింకరగా పేరు రాసి, దాన్ని చూసుకుంటూ కాసేపు కూర్చుంది.

నెల తిరగకుండానే ఆసుపత్రి ఆఫీసు నుంచి జవాబు వచ్చింది. పట్టీలో వేలిముద్రలు వేసేవాళ్లు సంతకాలెలా పెట్టారు, ఇవన్నీ దొంగ సంతకాలన్నారు. తొమ్మిది పేర్లు కొట్టేశారు. ఆండాలు ఒక్కతే అంతకు రెండేళ్ల ముందు హాజరు పట్టీలో తన వేలిముద్ర తీయించి సంతకం ఎక్కించుకుంది. మిగతావాళ్లవీ మార్పించాలని అప్పుడు ఆమెకు తోచనే లేదు. అందుకని పర్మనెంటు ఆమె ఒక్కదానికే అయింది.

తొమ్మిది మందీ వెళ్లి ఆఫీసు గుమాస్తా కళ్ల ముందే పేర్లు రాసి చూపించారు. నిజమే, మీవే, కానీ గడువు దాటింది అన్నాడా మహానుభావుడు. ఆండాలు వాళ్లతో పాటు పదకొండు రోజులు గేటు ముందు బైఠాయించింది. మరుసటేడు ఎనిమిది మందిని తీసుకున్నారు. బుచ్చమ్మకు వయసు దాటింది.

1983లో పదో తరగతి పాసయ్యాక ఆండాలు మార్కుల కాగితం పట్టుకుని వార్డుకు వెళ్లింది. బుచ్చమ్మ ఇంకా రోజుకూలీ మీదే ఊడుస్తోంది. అన్నేళ్లుగా అనలేకపోయిన మాట ఆ రోజు అనేసింది.

"గా దినం నీ మాట ఇనకపోతిని పెద్దమ్మా. నీ నౌకరీ నేనే పోగొట్టిన."

బుచ్చమ్మ చీపురు ఆపలేదు.

"వాహెద్ భాయ్ చెప్పినంక, నేనొక్కదాన్నన్న పక్కకు అంగూఠా ఏద్దామనుకున్న బిడ్డా. గంత మందిల నువ్వు చిన్నబోతవని ఏయలే."