అజెవెడో బేకరీ మూసివేత

టర్లాక్ ఊళ్లో డెల్ఫీనా వాళ్ల నాన్న పెట్టిన అజెవెడో బేకరీ షట్టరు దించి రెండేళ్లయింది. ఓవెన్లు, వ్యాను అన్నీ అమ్మేశారు. కంపెనీ మాత్రం కాగితాల మీద బతికే ఉంది. అమ్మకాలు లేకపోయినా కాలిఫోర్నియా రాష్ట్రానికి ఏటా ఎనిమిది వందల డాలర్ల పన్ను కట్టాల్సిందే. ఆ రెండేళ్లూ డెల్ఫీనా బడి వంటశాలలో వచ్చే జీతంలోంచే కట్టింది. మూడోసారి కట్టేది లేదని తేల్చుకుంది.

ఆఖరి పన్ను లెక్కలు దాఖలు చేసింది. ఇక కంపెనీ రద్దు పత్రం రాష్ట్రానికి పంపాలి. దానికి కంపెనీలో సగం వాటా ఉన్న తమ్ముడు నెల్సన్ కూడా ఒప్పుకుని సంతకం పెట్టాలి. అతను ఫోనెత్తడం మానేశాడు. దాంతో ఆమె అతను పనిచేసే డెయిరీకే వెళ్లి ఆవుల షెడ్డు దగ్గర పట్టుకుంది.

"వదిలెయ్యక్కా, దానంతటదే పోతుంది."

"పోదురా. జరిమానాతో సహా మన నెత్తికెక్కుతుంది."

"అది నాన్న పేరు. నా చేత్తో ఎలా కొట్టెయ్యమంటావ్?"

డెల్ఫీనా కలంతో చాచిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

"నాన్న పేరు మనిద్దరికీ ఉంది. దానికి ఏటా అద్దె కట్టక్కర్లేదు. నువ్వు సంతకం పెట్టేదాకా ఇక్కణ్ణుంచి కదల్ను. కావాలంటే నీతోపాటు పాలు పితుకుతా."

"నువ్వా? ఆవుని చూస్తే కంచె ఎక్కేదానివి!"

నెల్సన్ నవ్వేశాడు. నవ్వుతూనే కళ్లు తుడుచుకుని, చేతి రబ్బరు తొడుగు విప్పి సంతకం పెట్టాడు.

కొన్ని వారాలకు కంపెనీ రద్దయినట్టు కబురొచ్చింది. ఆ ఆదివారం డెల్ఫీనా తమ్ముణ్ణి భోజనానికి పిలిచి, నాన్న చేసే తీపి రొట్టె ఇంట్లోనే కాల్చింది. అడుగు కాస్త మాడింది. ఇద్దరూ కలిసి మొత్తం తినేశారు.