జోజమ్మ చెవి

మా వీధిలో పిల్లలకి రొంప పడితే ముందు జోజమ్మ దగ్గరికే తీసుకెళ్లేవాళ్లం. డాక్టరు ఆ తర్వాతే. జోజమ్మ బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. చదువులేదు. పిల్లని ఒళ్లో బోర్లా వేసుకుని, వీపుకి చెవి ఆనించి, కళ్లు మూసుకునేది.

"ఉత్త రొంపేనమ్మా, వాము కాపడం పెట్టు" అనేది. లేదంటే, "పిల్లికూతలున్నాయి, ఆస్పత్రికి పో."

ఇరవై ఏళ్లలో ఒక్కసారీ తప్పలేదు. వాళ్లాయన శౌరయ్య మాత్రం, "నేను పిలిస్తే వినపడదు గానీ, ఊళ్లో పిల్లల ఊపిరంతా వినపడుద్ది దీనికి" అని వెక్కిరించేవాడు.

పక్కింటి హన్నా పత్తి తీతకి పోతుంది. మూడేళ్ల కిందట ఆమె కొడుకు ఏబెల్‌కి పది నెలలప్పుడు జ్వరం, దగ్గు. రెండు రోజులు ఆపకుండా దగ్గాడు. మూడో రోజు పొద్దున దగ్గు ఆగింది. హన్నా ఎత్తుకొచ్చింది.

"పిన్నీ, పాలు తాగట్లేదు. ఆస్పత్రికి తీసుకుపోనా?"

జోజమ్మ చెవి పెట్టింది. గురగుర లేదు, కూత లేదు.

"నెమ్మదించిందే. అలిసిపోయాడు, పడుకోనీ. లేచి తాగుతాడులే."

దగ్గే ఓపిక కూడా లేక ఆగాడని ఆమెకి తెలీదు. మాకెవరికీ తెలీదు. మధ్యాహ్నానికి పెదాలు నీలం తిరిగాయి. ఆటోలో పరిగెత్తాం. డాక్టరు పిల్లాడి చొక్కా ఎత్తి చూసి, "న్యుమోనియా. పొద్దునే తేవాల్సిందమ్మా" అన్నాడు. అప్పటికే అయిపోయింది.

హన్నా ఒక్క మాట అనలేదు. అదే కుళాయి దగ్గర బిందె పెట్టేది, పిన్నీ అనే పిలిచేది.

"తిట్టినా బావుండేది వదినా" అంది జోజమ్మ నాతో, బియ్యంలో రాళ్లేరుతూ. ఆ తర్వాత ఎవరు పిల్లని తెచ్చినా తాకలేదు. "నాకు చెవుడొచ్చింది, ఆస్పత్రికి పోండి" అనేది.

పోయిన నెల హన్నా తన రెండో బిడ్డ, ఆరు నెలల ఆరాధనని ఎత్తుకుని వచ్చింది. పిల్ల దగ్గుతోంది.

"చెవి పెట్టు పిన్నీ."

"నాకు వినపడదే. డాక్టరు దగ్గరికి పో."

"అక్కణ్ణుంచే వస్తన్నా. మందిచ్చారు, భయం లేదన్నారు. అయినా నువ్వు పెట్టు."

జోజమ్మ చేతులు చీరకి తుడుచుకుని పిల్లని ఒళ్లో వేసుకుంది. వంగి చెవి ఆనించింది. పిల్ల అలాగే నిద్రపోయింది. దగ్గు ఆగింది.

"ఇక లే పిన్నీ, నడుం పట్టుద్ది" అంది హన్నా.

జోజమ్మ లేవలేదు. పిల్ల మళ్లీ దగ్గేదాకా ఆ వీపు మీంచి చెవి తీయలేదు.