హిలారియో ఎంచుకున్న గాలి

హిలారియో అంతిలెఫ్‌కి వీడ్కోలు జ్ఞాపిక నా చేతుల మీదుగా ఇప్పిస్తామని ఫుట్‌బాల్ క్లబ్బు అధ్యక్షుడు ఉబాల్దో వచ్చి చెప్పినప్పుడు నేను తొట్టి దగ్గర నిలబడి ఆటగాళ్ల మేజోళ్లు ఉతుకుతున్నాను. ఆ మాట వినగానే నాకు ఒళ్లు మండింది.

"ఊళ్లో ఇంకెవరూ దొరకలేదా మీకు?"

"నీకంటే పాతవాళ్లు ఎవరున్నారు డెల్మమ్మా? ఇరవై ఆరేళ్లుగా మా జట్టు బట్టలు ఉతుకుతున్నావు. వాడికి మొదటి చొక్కా తొడిగింది నువ్వే. మైకు పట్టుకుని రెండు మంచి ముక్కలు చెప్పు, అంతే."

"మంచి ముక్కలా? వాడి గురించి నా దగ్గర ఒకే ఒక్క ముక్క ఉంది. పదకొండేళ్లుగా గొంతులో అడ్డం పడి ఉంది. అదే కక్కేస్తాను. తర్వాత నన్నేమీ అనొద్దు."

ఉబాల్దో నవ్వేసి వెళ్లిపోయాడు. మా కలేతా మోరా ఊళ్లో నా నోటికి అందరూ అలవాటు పడిపోయారు, అదే వచ్చిన చిక్కు. కానీ ఈసారి నేను ఊరికే అనలేదు. వచ్చే ఆదివారం ఊరంతా చూస్తుండగా, నా కొడుకును నవ్వులపాలు చేసింది నువ్వేనని ఆ కెప్టెన్ హిలారియో మొహం మీదే అనేయాలని గట్టిగా నిశ్చయించుకున్నాను.

హిలారియో మా రేవు క్లబ్బుకు వచ్చేసరికి పదిహేడేళ్ల వాడు. తల్లి ఎక్కడో పశ్చిమాన గొర్రెల మంద దగ్గర వంట చేసేది. వాడు ఒక్కడే సంచి భుజాన వేసుకుని వచ్చి, రేవులో చేపల పెట్టెలు దించే పనిలో చేరాడు. నేనిచ్చిన చొక్కా చేతులు వేళ్ల కిందికి వేలాడుతుంటే, నాలుగు వేళ్ల మేర కత్తిరించి కుట్టాను. ఆదివారాలు ఆట అయ్యాక మా ఇంట్లోనే భోజనం. మూడు పళ్లేలు తిని, ఇంకా ఉందా అన్నట్టు గిన్నె వైపు చూసేవాడు. నా కొడుకు నికానోర్‌కి అప్పుడు ఎనిమిదేళ్లు. హిలారియో మా ఇంటి పక్క సందులో వాణ్ని గోడ ముందు నిలబెట్టి బంతులు పట్టించేవాడు. మా నికా గోల్‌కీపర్ అయ్యాడంటే అది ఆ సందులోనే.

ఇరవయ్యో ఏట వాణ్ని బాయియా బ్లాంకా నగరంలో ఒక పెద్ద క్లబ్బు తీసుకుపోయింది. నాలుగు నెలలు తిరక్కుండానే బస్సు దిగాడు.

"ఏరా, తరిమేశారా?" అన్నాను.

"లేదు డెల్మమ్మా. అక్కడ గాలే లేదు, బంతిని ఎటు తంతే అటే పోతోంది. ఏం మజా ఉంది చెప్పు?"

నిజానికి ఆ నెల మా జట్టులో ఇద్దరికి కాళ్లు విరిగి, పదకొండు మందిని దింపడమే గండంగా ఉంది. ఆ సంగతి ఎవరో వాడికి ఉత్తరం రాశారు. అది నాకు చాలా రోజుల తర్వాత తెలిసింది. మళ్లీ ఏ క్లబ్బు పిలిచినా వాడు కదల్లేదు. మేం కింది డివిజన్‌కి పడిపోయిన ఏడు సగం జట్టు వెళ్లిపోయింది. వీడు మాత్రం గది ఊడ్చి, తాళం నా చేతికిచ్చి, "మంగళవారం సాధన ఉంది కదా?" అన్నాడు. ఇరవై నాలుగేళ్లకి కెప్టెన్ పట్టీ కట్టారు. దెబ్బ తగిలినవాడి ఇంటికి వెళ్లి కట్టెలు కొట్టి పెట్టేవాడు. రిఫరీతో మాట్లాడేటప్పుడు చేతులు వెనక్కి కట్టుకునేవాడు. వాడి మంచి గుణాలు చెప్పుకోవాలంటే నాకు కడుపు మండేది. అయినా అబద్ధం ఎందుకు చెప్పాలి?

మా ఊళ్లో కెప్టెన్ అసలు పని ఆట మొదలవక ముందే అయిపోతుంది. పడమటి నుంచి వచ్చే గాలి మనిషిని నిలబడనివ్వదు, పొద్దు వాలేకొద్దీ రెచ్చిపోతుంది. టాస్ గెలిచినవాడు ఏ వైపు ఎంచుకున్నాడన్న దాన్ని బట్టే సగం ఆట తేలిపోతుంది. బయటి జట్లు ఆశపడి మొదటి సగం గాలిని వెనక పెట్టుకునేవి, రెండో సగంలో ఏడ్చేవి. హిలారియో ఎప్పుడూ మొదట గాలికి ఎదురు నిలబడేవాడు. "ముందు చేదు మింగేద్దాం, తీపి తర్వాత" అనేవాడు. నాలుగేళ్లలో ఒక్కసారి కూడా మాట తప్పలేదు.

తప్పింది రెండు వేల సంవత్సరంలో, ఫైనల్ రోజున. గెలిస్తే పై డివిజన్‌కి వెళ్తాం. నికాకి పంతొమ్మిది, గోల్‌లో వాడికి అదే మొదటి ఏడు. టాస్ వేసేటప్పుడు నేను బట్టల గదిలో ఎవరి చొక్కా మీదో ఊడిపోయిన అంకె కుడుతున్నాను. బయటికి వచ్చి చూస్తే గాలి మా వాళ్ల వీపు మీద కొడుతోంది! ఇదేమి విడ్డూరం అనుకున్నాను. మొదటి సగంలో ఒక గోల్ కొట్టాం, జనం ఎగిరి గంతేశారు. రెండో సగంలో గాలి లేచింది. నికా ఎంత బలంగా తన్నినా బంతి మైదానం మధ్యకి కూడా చేరడం లేదు. ఇంకో ఇరవై నిమిషాలు ఉందనగా, చేతుల్లోంచి వదిలి శక్తికొద్దీ తన్నాడు. బంతి పైకి లేచింది, ఆకాశంలో ఆగింది, వెనక్కి తిరిగింది. వాడి తల మీదుగా వచ్చి మా గోల్‌లోనే పడింది. ఈ కళ్లతో చూశాను. ముందు బయటి జట్టువాళ్లు నవ్వారు, తర్వాత మనవాళ్లూ నవ్వారు. ఆ తర్వాత ఇంకొక గోల్ తిన్నాం. అయిపోయింది.

సాయంత్రం రేడియోలో హిలారియో గొంతు విన్నాను. "వైపు ఎంచుకుంది నేను. నా బుద్ధి గడ్డి తింది. పిల్లాడి తప్పు ఏమీ లేదు."

తప్పు తనదేనని వాడే ఒప్పుకున్నాక ఇంకేం కావాలి? ఆ రోజే నా ఇంటి తలుపు వాడికి మూసేశాను. బట్టల సంచి తెచ్చి "బాగున్నావా డెల్మమ్మా?" అంటే, "పెట్టు అక్కడ" అనేదాన్ని. అంతకుమించి మాట లేదు. వాడు గది దాటేలోపు వినపడేలా తిట్టేదాన్ని. ఊరు వాడికి 'గాలి దొర' అని పేరు పెట్టింది. ఎవరైనా ఆ పేరుతో పిలిస్తే నా మనసు చల్లబడేది.

నికా నెల రోజులు గడప దాటలేదు. ఆ తర్వాత దుకాణానికి వెళ్తే ఎవడో ఒకడు "పైకి ఉమ్మితే మొహానే పడుతుందిరా" అని వాగేవాడు. హిలారియో మాత్రం పనికి వెళ్లబోయే ముందు, తెల్లారగానే వచ్చి వీధిలో నిలబడేవాడు. నికాని మైదానానికి తీసుకెళ్లి, గాలికి ఎదురు నేల బారున తన్నడం నేర్పేవాడు. చేసిందంతా చేసి ఇప్పుడు సేవలా అని నేను తలుపు ధడాలున వేసేదాన్ని. నికా మళ్లీ నిలదొక్కుకుని ఏడేళ్లు గోల్ కాశాడు. అదంతా నా కొడుకు పట్టుదలే అనుకున్నాను.

వీడ్కోలు ఆదివారం రానే వచ్చింది. ముప్పై తొమ్మిదేళ్ల మోకాలితో హిలారియో నలభై నిమిషాలు ఆడి, పట్టీ విప్పి, కుంటుకుంటూ బయటికి వచ్చాడు. ఆట అయ్యాక జనం కూర్చునే మెట్ల వెనక గొర్రెపిల్లలను ఇనుప ఊచలకు కట్టి కాలుస్తున్నారు. మూడు వందల మంది దాకా బల్లల దగ్గర సర్దుకున్నారు. ఉబాల్దో మైకు తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"నాకు పొగడ్తలు రావు," అన్నాను. "వీడికి మొదటి చొక్కా నేనిచ్చాను. అన్నీ నాకు గుర్తున్నాయి. పదకొండేళ్ల కిందటి ఫైనల్ కూడా గుర్తుంది. ఆ రోజు ఈ మనిషి..."

హిలారియో తల వంచుకుని పళ్లెం వైపు చూస్తున్నాడు. ఆపమని సైగ కూడా చేయలేదు. దాంతో నాకు ఇంకా మండింది. "ఆ రోజు ఈ మనిషి తన తెలివితేటలతో..."

సలాడ్ గిన్నె పట్టుకుని బల్లల మధ్య తిరుగుతున్న నికా గబగబా వచ్చి మైకు మీద చెయ్యి పెట్టాడు.

"అమ్మా, ఆపు. గాలి అడిగింది నేనే."

"ఏంటిరా?"

"ఆట ముందు ఆటగాళ్ల గదిలో వాంతి చేసుకున్నాను. మొదట్లోనే గోల్ తింటే ఇక నిలబడలేను, మొదటి సగం గాలి మన వెనక ఉండేలా చూడు అని హిలారియో అన్న కాళ్లావేళ్లా పడ్డాను. వద్దురా, రెండో సగం కష్టమవుతుంది అన్నాడు. నేను ఏడ్చాను. సరే అన్నాడు. ఇన్నాళ్లూ చెప్పడానికి నాకే నోరు రాలేదమ్మా."

అందరూ అదిరిపోయి ఉంటారని చుట్టూ చూశాను. ఎవరూ అదిరిపోలేదు. ఒకాయన రొట్టె తుంచుకుంటున్నాడు. ఉబాల్దో నిప్పులు ఎగదోస్తున్నట్టు నటిస్తున్నాడు.

"మీకు తెలుసా?" అన్నాను. నా గొంతు మైకులో నాకే వింతగా వినిపించింది.

"తెలుసు డెల్మమ్మా," అన్నాడు ఉబాల్దో. "ఆ గదిలో జట్టంతా ఉంది కదా. సాయంత్రానికి ఊరంతా పాకింది. రాత్రికి రాత్రి హిలారియో ఇల్లిల్లూ తిరిగి, డెల్మమ్మ చెవిన పడనివ్వకండి అని దండం పెట్టాడు."

"మరి గాలి దొర, గాలి దొర అని వీడిని..."

"నువ్వు దగ్గరుంటే కాస్త గట్టిగానే అనేవాళ్లం," అంది ఎవరో ముసలావిడ.

పదకొండేళ్లు! ఊళ్లో తెలియనిదాన్ని నేనొక్కదాన్నే. హిలారియో వైపు తిరిగాను.

"ఎందుకురా చెప్పలేదు? నేను అన్ని మాటలంటుంటే దున్నపోతులా ఎందుకు నిలబడ్డావు?"

వాడు తల ఎత్తాడు. "నన్ను తిట్టి ఇంటికి వెళ్లేదానివి డెల్మమ్మా. వెళ్లి వాడికి భోజనం పెట్టి, తల నిమిరేదానివి. నిజం తెలిస్తే ఎవర్ని తిట్టేదానివి చెప్పు? బయట ఊరంతా నవ్వుతోంది. వాడికి ఇల్లు ఒక్కటైనా ఉండాలిగా."

నా నోరు నాకు తెలుసు. ఆ రోజే నిజం తెలిసి ఉంటే పొద్దున్నే రొట్టె ముక్కతో పాటు ఆ మాటా వాడి ముందు పెట్టేదాన్ని. పంతొమ్మిదేళ్ల పిల్లాడు, ఒక్క నెల కూడా తట్టుకునేవాడు కాదు.

సిగ్గుతో చచ్చిపోయినంత పనైంది. అయినా మైకు వదల్లేదు. "వినండి," అన్నాను. "వీడు నా కొడుకును మీ నుంచి కాదు, నా నుంచి కాపాడాడు."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నికా నా భుజం పట్టుకున్నాడు. హిలారియో బల్ల మీద చెయ్యి ఆనించి లేవబోయాడు.

"కూర్చోరా, మోకాలు నొప్పి పెడుతుంది," అని ఏడుస్తూనే అరిచాను.

వాడు లేచి వచ్చాడు.