వాడపల్లిలో కలిపిన గడ్డ

హైదరాబాద్‌లో సూది గుచ్చినందుకే మా తమ్ముడి తొడలో గడ్డ పాకిందని మా బంధువులు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఏ పెళ్లికి వెళ్లినా ఎవరో ఒకరు ఈ మాట ఎత్తుతారు. విని విని విసుగొచ్చింది. జరిగింది అది కాదు.

మాది చిలుకూరు దగ్గర. తమ్ముడు గొర్రెలు మేపేవాడు. మోకాలి పైన గడ్డ లేస్తే, నొప్పి లేదు కదా అని చాలాకాలం వదిలేశాడు. నిమ్మకాయంత అయ్యాక సూర్యాపేటలో చూపించాం. అక్కడి డాక్టరు నొక్కి చూసి, "లోతుగా ఉంది. కోయకముందే సూదితో చిన్న ముక్క తీసి పరీక్ష చేయించండి. అదేంటో తెలిస్తేనే ఎంత కోయాలో తెలుస్తుంది" అన్నాడు. అంతకంటే స్పష్టంగా ఎవరు చెప్పగలరు?

మిర్యాలగూడలో ఉండే మా మేనమామ ఫోన్‌లోనే అడ్డం పడ్డాడు.

"సూది తగిలిందంటే ఒళ్లంత పాకుతది అల్లుడా. కోస్తే ఒక్కపారే కోసి పారెయ్యాలె."

"డాక్టర్ సదువుకున్నోడు మామా."

"సదువుకున్నోడే. తొడ ఆయనది కాదు గద."

పరీక్షకోసారి, రిపోర్టుకోసారి, ఆపరేషన్‌కోసారి ఎవరు తిరుగుతారని నాకూ అనిపించింది. కోదాడలో ఒక డాక్టరు కొవ్వుగడ్డే అన్నాడు, కోసేశాడు. గడ్డను ట్రేలో పెట్టి బయటికి తెచ్చి చూపించారు. అందరం వంగి చూసి తలూపాం, చూస్తేనే ఏదో తెలిసిపోయినట్టు. తర్వాత దాన్ని మందునీళ్ల సీసాలో వేసి, మిర్యాలగూడ ల్యాబులో ఇమ్మన్నారు. ఆపరేషన్‌కు వచ్చిన మామ ఎలాగూ ఇంటికి పోతున్నాడని సీసా ఆయన చేతిలో పెట్టాను.

మర్నాడు ఫోన్ చేశాడు. "వాడపల్లికి వచ్చిన అల్లుడా. ఇది వాని ఒంట్ల ముక్క. సీసాల పెట్టి ల్యాబుల సుట్టు తిప్పుడేంది? కృష్ణల కలిపేస్త, పీడ పోతది."

ఈ సంగతి బయటపడ్డాక అందరూ మామను చూసి నవ్వారు. నేనూ నవ్వాను. కానీ ఆయన నన్ను అడిగే కలిపాడు. "సరే కానియ్, తీసేసినంక ఇగ దాంతోని ఏం పని" అన్నది నేను.

గడ్డ మళ్లీ లేచింది, కుట్ల మచ్చ కిందే. హైదరాబాద్ డాక్టరు మొదట అడిగింది ఆ ముక్క గురించే. నదిలో కలిపామని చెప్పాను. అప్పుడు గుచ్చారు సూది. కండలో పుట్టిన క్యాన్సరని అప్పుడే తెలిసింది. గడ్డ తిరిగొచ్చింది సూది పడకముందే. మొదటి కోత తొడకు అడ్డంగా పెట్టారు కనుక, కత్తి తగిలిన చోటంతా తీసేయాల్సి వచ్చింది. కాలు దక్కింది, కండ దక్కలేదు. తమ్ముడు గొర్రెలను అమ్మేశాడు.

మొన్న మామ కోడలికి భుజం మీద గడ్డ కనిపించింది. మామ మళ్లీ మొదలుపెట్టాడు, సూది మాత్రం వద్దని. ఇక పట్టలేక, ఆ రోజు ఫోన్‌లో నేనన్న మాట అందరి ముందూ చెప్పేశాను. మామ తల దించుకున్నాడు.

"ఇన్నేండ్లు ముసలాయన్ను ఒక్కన్నే తిట్టిచ్చినవా అన్నా?" అన్నాడు తమ్ముడు.

వాడు లుంగీ పైకి లాగి, గుంటపడ్డ తొడను ఆ అమ్మాయికి చూపించాడు.

"సూది పొడిసిన జాగ కనవడ్తుందా సెల్లె?"

ఆమె వంగి వెతికింది. కనపడలేదంది.

"రేపు సూర్యాపేట పోదాం. పరీక్ష సీసా నేను పట్టుకుంట. వీళ్లిద్దరి చేతికి మాత్రం ఇయ్యకు."