కథలాపూర్‌లో తినని ముద్ద

సిరిసిల్లలో స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్ చదివిన మూడేళ్లలో నాకు మంచి మార్కులు వచ్చింది ఒక్క ప్రాక్టికల్‌కే. అవి ఎలా వచ్చాయో ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

మాది జగిత్యాల దగ్గర ఒకప్పుడు గడి ఉన్న దొరల కుటుంబం. నాకు ఊహ తెలిసేసరికి గడి లేదు, భూమి లేదు. జగిత్యాలలో ఒక అద్దె ఇల్లు, ఎవరి ముందూ నడుం వంచొద్దన్న నాన్న మాట మాత్రం మిగిలాయి. ఆటల చదువంటే ఆయన వారం రోజులు మాట్లాడలేదు. మేనేజరంటే ఆడేవాడు కాదు, ఆడించేవాడని చెప్పి ఒప్పించాను. నేనూ అదే నమ్మాను.

చివరి ఏడాది ప్రాక్టికల్ కోసం మాకు తలా ఒక జట్టు అప్పగించారు. నాకు మా కాలేజీ అమ్మాయిల కబడ్డీ జట్టు వచ్చింది. కెప్టెన్‌ది తంగళ్ళపల్లి. తల్లి కూలికి పోయేది. కోరుట్ల పోటీల్లో ఆడి సర్టిఫికెట్ తెచ్చుకుంటే వ్యాయామ టీచర్ శిక్షణలో ఆమెకు క్రీడా కోటా సీటు దొరికే వీలుంది. వయసు ప్రకారం ఆమెకు అదే ఆఖరి ఏడాది. ఫొటోలు అంటించిన ఫారాలను ముందురోజు సాయంత్రం ఐదింటిలోగా మేనేజరే కోరుట్లలో ఇచ్చి సంతకం చేయాలి.

ఆ రోజు తెలంగాణ కోసం రాస్తారోకో. బస్సులు లేవు. స్నేహితుడి మోటార్ సైకిల్ తీసుకుని బయలుదేరాను. కథలాపూర్ దగ్గర రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. లారీలు, కార్లు బారుగా ఆగాయి. మోటార్ సైకిళ్ల వాళ్లను మాత్రం భోజనాల బంతిలో కూర్చోబెట్టి, నాలుగు ముద్దలు తినిపించి పంపుతున్నారు.

ఒక పెద్దావిడ విస్తరి తెచ్చింది. "గింత తిని పో కొడుకా. తిన్నోళ్లను ఆపుతలేం."

ఆకలి లేదన్నాను. బంతిలో ఉన్న కల్లుగీత కార్మికుడొకాయన నవ్వి, ఆకలి సంగతి ఇక్కడెవరూ అడగడం లేదని పక్కకు జరిగి చోటిచ్చాడు. ఆ చోటుకు అటు ఎవరున్నారో, ఇటు ఎవరున్నారో చూశాను. అలా చూడటం నాకు ఎవరూ నేర్పనక్కర్లేదు.

"మేం రోడ్డు మీద కూసుండి తినేటోళ్లం కాదు" అన్నాను.

పెద్దావిడకు కోపం రాలేదు. విస్తరి వెనక్కి తీసుకుంది. "అట్లనా. అయితె మేం లేసేదాక ఆగుండ్రి దొరా."

నా సంచిలో ఆడపిల్లల ఫారాలున్నాయని ఒక్క మాట చెబితే వదిలేవారు. బతిమాలినట్టు ఉంటుందని చెప్పలేదు. బండి పక్కన నిటారుగా నిలబడ్డాను. వాళ్లు లేచేసరికి ఐదు దాటింది. కోరుట్ల చేరేసరికి ఫారాలు తీసుకునే బల్ల ఎత్తేశారు. ముస్తాబాద్ జట్టు మేనేజర్ అక్కడే ఉన్నాడు. మధ్యాహ్నం కథలాపూర్ మీదుగానే వచ్చానని, పప్పు బాగా కుదిరిందని చెప్పాడు.

సిరిసిల్లకు తిరిగి వచ్చి, రాస్తారోకో వాళ్లు వదల్లేదని చెప్పాను. అమ్మాయిలు ఏడ్చారు. కెప్టెన్ ఏడవలేదు, నన్నే ఓదార్చింది. "నీ తప్పేమున్నదన్నా. తెలంగాణ కోసమే గద."

రిపోర్టులోనూ అదే రాశాను. చేతిలో లేని పరిస్థితుల గురించి చక్కగా రాశానని లెక్చరర్ క్లాసులో చదివి వినిపించారు. నేను తల దించుకోలేదు. అలవాటు లేదు.

వారం తర్వాత కెప్టెన్ గ్రౌండ్‌లో నా దగ్గరికి వచ్చింది. ముస్తాబాద్ అమ్మాయిలు తమ మేనేజర్ ఎలా చేరాడో ఆమెకు చెప్పారు. "గదే తొవ్వల వాళ్లు తిని పోయిండ్రట. నువ్వు తినలేదా అన్నా?"

తినలేదన్నాను. ఆమెకు ఇంకొకటి గుర్తొచ్చింది. "ఫారం మీద సంతకం కోసం మా ఇంటికి అచ్చినప్పుడు సుత చాయ్ ముట్టకపోతివి. ఉపాసమున్నవేమో అన్నది మా అమ్మ."

తర్వాత పని సంగతి మాట్లాడింది. జగిత్యాలలో అలాంటి సర్టిఫికెట్టే ఇచ్చే ఇంకో ఎంపిక ఉంది. కోరుట్లలో ఫారాలు అందకపోవడం జట్టు పొరపాటు కాదు, మేనేజర్‌ది అని నేను రాసి సంతకం చేస్తే, అక్కడి వాళ్లు ఆమెకు ఒక అవకాశం ఇస్తామన్నారు. రాసిస్తానన్నాను.

ఆ రాత్రి గదిలో మూడుసార్లు మొదలుపెట్టాను. మూడుసార్లూ కలం రాస్తారోకో దగ్గరికే పోయింది. ఆ కాగితం చేరేది నాన్న ఉన్న ఊరికి. అక్కడ మా ఇంటిపేరు తెలియనివాళ్లు లేరు. నేను తినని అన్నం వల్ల ఒక కూలి మనిషి కూతురి సీటు పోయిందని ఆ పేరుతో రాసి ఉంటుంది. రేపు రాద్దామనుకున్నాను. మర్నాడు కూడా అలాగే అనుకున్నాను.

జగిత్యాల ఎంపికలు అయిపోయాయి. ఆమె రెండోసారి అడగలేదు. ఆ ప్రాక్టికల్ మార్కులతోనే నాకు ఉద్యోగం వచ్చింది.