మా ఇంటి తరఫున పిడికెడు

మంగళవారం పొద్దున ఉదయగిరిలో, నేను పాఠాలు చెప్పే బడికి బయలుదేరుతుంటే అమ్మ ఫోన్ చేసింది. "పక్కింటి పెద్దమ్మ పోయిందిరా. నిద్దర్లోనే. నువ్వు రా." ఆత్మకూరు బస్సెక్కాను. దారి పొడుగునా నాకు ఆమె చెయ్యే కనిపించింది, బియ్యంలో మునిగి, నిండుగా మూసుకుని పైకి లేచే చెయ్యి.

మా ఊళ్ళో చర్చికి వెళ్ళే ప్రతి ఇంట్లోనూ ఆ అలవాటు ఉంది. ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి దేవుడి డబ్బాలో వేస్తారు. ఆదివారం వాటిని చర్చిలో గంపలో పోస్తే లేనివాళ్ళకు పంచుతారు. ఈ విషయంలో పెద్దమ్మకు మహా చాదస్తం. జ్వరంతో పడుకుని కూడా, గంజి కాచిపెట్టడానికి వెళ్ళిన మా అమ్మను "ముందు దేవుడిది తీసినావా?" అని గదమాయించేది.

"పెద్దమ్మా, నీ పిడికిలి చిన్నది. దేవుడికి తక్కువ పడతాండాది," అని నేను ఏడిపించేవాణ్ణి.

"ఈ చెయ్యి చేసింది ఆయనే గదరా! కొలత ఆయనకు తెలీదా?"

నా తమ్ముడు ఆరేళ్ళవాడు జ్వరంతో పోయినప్పుడు, పరామర్శకు వచ్చిన ఒక బోధకుడు అమ్మతో, "ఎక్కడో విధేయత తప్పి ఉంటారు, ఆలోచించుకోండి," అన్నాడు. ఒక్క పూట కూడా పిడికెడు మరవని మనిషి మా అమ్మ. పెద్దమ్మ గుమ్మంలోంచే అడిగింది: "అయ్యా, ఏడవను వచ్చినావా, తప్పులెంచను వచ్చినావా?" ఆయన మంచినీళ్ళు కూడా ముట్టకుండా వెళ్ళిపోయాడు.

అమ్మ ఆ రోజే డబ్బా బోర్లించి అటక మీద పెట్టేసింది. చర్చి మానేసింది. పెద్దమ్మ ఒక్కసారి కూడా రమ్మనలేదు. కానీ ఆదివారం ఆమె చేతిలో రెండు సంచులు ఉండేవి. రెండోది మా ఇంటి తరఫునని తెలిసి అమ్మ గొడవకు పోయింది.

"నిన్నెవరు వెయ్యమన్నారక్కా? నా బిడ్డను ఎందుకు తీసుకుపోయినాడో చెప్పు ముందు!"

"నాకు తెలీదు. తెలుసని చెప్పేవాళ్ళను నమ్మబాక. దేవుడేమన్నా బియ్యం అంగడి పెట్టుకున్నాడా, ఇంత పోస్తే ఇంత ఇస్తాననేదానికి? వెయ్యమన్నాడు, వేస్తాండా. నీ కోపం నీకుండనీ. అది తీరిందాకా నీ పిడికెడు నేను వేస్తా."

పెద్దమ్మ బిడ్డలిద్దరూ పుట్టిన ఏడాది తిరగకుండానే పోయారని అప్పటికి నాకు తెలియదు. ఆ తరువాత ఇరవై ఏళ్ళ పైగా, పెన్షన్ మీద ఒంటరిగా బతుకుతూ, ఆమె రెండు పిడికిళ్ళూ వేస్తూనే ఉంది. ఆ రుణం నేను ఎన్నడూ నోరు తెరిచి ఒప్పుకోలేదు. ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

సమాధి కార్యక్రమం అయ్యాక ఇంటికొచ్చి స్నానాలు చేశాం. అమ్మ అటక మీది డబ్బా దించమంది. దుమ్ము కడిగి, కొంగుతో తుడిచి పొయ్యి పక్కన పెట్టింది. బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి అందులో వేసింది. ఆ తరువాత ఇంకో పిడికెడు తీసింది.

"ఆమె ఇంట్లో ఇంక పొయ్యి వెలగదు గదరా," అంది.

కోపం తీరిందా అని నేను అడగలేదు. అమ్మ ఆ రెండో పిడికిలిని డబ్బా మీద చాలాసేపు అలాగే పట్టుకుని, మెల్లగా వదిలింది.