జినైదాగారి బోడి చాక్లెట్లు

కాగితం చుట్టిన చాక్లెట్టు కంటపడిందంటే జినైదా అర్ఖిపోవ్నాగారి చేతులు ఊరుకోవు. ఎవరిదని అడగరు, ఎందుకని చెప్పరు. చకచకా ఒలిచేస్తారు. పుట్టినరోజైనా అంతే, చావింటి భోజనాలైనా అంతే. పోయినాయన ఫొటో ముందు పెట్టినవి కూడా వదల్లేదు మహాతల్లి!

రష్యాలో, కామా నది ఒడ్డున ఆ పాత మేడలో ఆవిడది కింది వాటా, రిమ్మాది పై వాటా. రిమ్మా కొడుకు గ్లేబ్ పుట్టినరోజున పళ్ళెంలో ఉన్నవన్నీ ఒలిచి, సగం తన సంచిలో వేసుకున్నారు.

"పిన్నిగారూ, ఇదేం పిచ్చండీ! అంత సరదాగా ఉంటే మీ ఇంట్లో ఒలుచుకోండి."

"మా ఇంట్లోవి అయిపోయాయే అమ్మాయ్."

గ్లేబ్ పడీ పడీ నవ్వాడు.

ఆ శీతాకాలమే గ్లేబ్ 'యుద్ధం వద్దు' అని అట్టమీద రాసుకుని చౌరస్తాలో ఒక్కడే నిలబడ్డాడు. ఎంతోసేపు నిలబడనివ్వలేదు, పోలీసులు పట్టుకెళ్ళారు. మేడలోవాళ్ళు రిమ్మాతో మాట్లాడటం మానేశారు. పాపం, మెట్లమీద ఎదురుపడితే అందరికీ ఒక్కసారే తాళంచెవులు కనపడకుండా పోయేవి.

లోపలివాళ్ళకి తెచ్చిన తిండి తీసుకునే జైలు కిటికీ దగ్గర రిమ్మా వంతు వచ్చేసరికి మూసేవేళయింది. మళ్ళీ తెరిచేది సోమవారమే. గ్లేబ్ కోసం తెచ్చిన సంచిని కిటికీలోని ఉద్యోగిని వెనక్కి తోసింది.

"చాక్లెట్లకి కాగితాలున్నాయి. ఒలిచి తేవాలని తెలీదూ?"

చలికి రిమ్మా వేళ్ళు కొయ్యబారిపోయాయి. ఒక్క కాగితమూ ఊడిరాలేదు. బావురుమంది.

"జరుగు జరుగు! ఏడిస్తే ఊడొస్తాయా?"

జినైదాగారు! క్యూలో వెనకనుంచి మోచేతులతో తోసుకొచ్చి, కాగితాలున్నవి బయటికి తీసేసి, తన సంచిలోని బోడి చాక్లెట్లన్నీ రిమ్మా సంచిలో కుమ్మరించారు. ఉద్యోగిని మూతి ముడుచుకుని తీసుకుంది. వెంటనే కిటికీ మూసేసింది.

"లోపల మీవాళ్ళెవరున్నారు పిన్నిగారూ?"

"నావాళ్ళెవరూ లేరు. ఎవరూ రాని పిల్లలు బోలెడుమంది. ఇవాళ్టివి వీత్యా అనే కుర్రాడికి తెచ్చాను. సోమవారందాకా ఆగుతాడులే, వాడికి అలవాటే."

రిమ్మా తిరిగొచ్చిన చాక్లెట్లు కోటు జేబుల్లో కుక్కుకుంది.

"ఇన్నాళ్ళూ మాకు చెప్పలేదేమండీ?"

"జైలు చుట్టూ తిరుగుతానని చెబితే పుట్టినరోజులకి పిలిచేదానివా?"

బస్సు ఎక్కి కూర్చోగానే రిమ్మా ఆ చాక్లెట్లన్నీ ఒళ్ళో పోసుకుని వీత్యా కోసం ఒలవటం మొదలుపెట్టింది.

"అలా పీకకే, చిరుగుతుంది! చివరలు పట్టుకుని మెలితిప్పు," అని జినైదాగారు ఆ పూటంతా ఆమెను సాధిస్తూనే ఉన్నారు.